మీ గిటార్‌ను ఎవరు వింటున్నారు?

ఆనందపురం జంక్షన్ నుంచి ఒక రోడ్డు విశాఖపట్నం వెళ్తుంది, ఒకటి పెందుర్తి మీదుగా అనకాపల్లికి, ఇంకొకటి తగరపువలస మీదుగా విజయనగరం వైపు. పూల మార్కెట్టుకు పేరుపడ్డ ఈ ఊరి చుట్టూ ఇప్పుడు చదువుల సందడి కూడా పెరిగింది. గంభీరంలో ఐఐఎం ఉంది, హైవే వెంట ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. హాస్టల్ గదుల్లో గిటార్లూ ఉన్నాయి. వాటిలో చాలావాటికి మూడో నెలకల్లా దుమ్ము పడుతుంది. కారణం బద్ధకమని అందరూ అంటారు. నేర్చుకునే దారి ఎంచుకోవడంలోనే తేడా జరుగుతోందని నా అభిప్రాయం.

సంగీతానికి ఈ ప్రాంతం పేదది కాదు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు, ఘంటసాల, పి.సుశీల అక్కడ చదువుకున్నారు. అయితే ఆ పేరంతా గాత్రానికీ వీణకూ వయొలిన్‌కూ చెందింది. గిటార్ నేర్పేవాళ్లు కావాలంటే ఆనందపురం మనిషి విశాఖ నగరంలోకే వెళ్లాలి. సాయంత్రం కాలేజీ అయ్యాక బస్సెక్కి, క్లాసు ముగించుకుని, మళ్లీ రాత్రి తిరిగి రావడం వారానికి ఒకసారి కుదిరితే గొప్ప. అందుకని చేతిలోని ఫోనే మొదటి గురువు అవుతోంది. వీడియో పాఠాలా, యాప్‌లా, ఆన్‌లైన్ క్లాసా, నగరంలో గురువా? ఈ నాలుగింటినీ జనం డబ్బుతోనూ వీలుతోనూ తూకం వేస్తారు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మనం వాయించేది ఎవరు వింటున్నారు?

ఈ ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో చెప్పడానికి పాలకొల్లు ఉదాహరణను మించింది నాకు తెలియదు. అక్కడ 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో ఇంట్లో ఉన్న మాండొలిన్ చేతికి తీసుకున్నాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు ఆ పిల్లవాడికి పాఠం మొదలుపెట్టారు. సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ స్వరాలను తీగ మీద వెతికి పట్టుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆ పిల్లవాడి తొలి కర్ణాటక సంగీత కచేరీ జరిగింది. తర్వాత ఆయన మామూలు మాండొలిన్‌లోని నాలుగు జంట తీగలు వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను తన వాద్యంగా చేసుకున్నారు. జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడం కష్టం. పైగా చిన్న చెక్క డొల్ల నుంచి వచ్చే నాదం త్వరగా ఆరిపోతుంది, ఎలక్ట్రిక్ తీగ నాదాన్ని ఎక్కువసేపు నిలుపుతుంది.

మాండొలిన్ రాని గురువు దగ్గర మాండొలిన్ నేర్చుకోవడం ఎలా సాధ్యమైంది? సుబ్బరాజు రెండు పనులు చేశారు. నాదం ఎలా ఉండాలో పాడి చూపారు. శిష్యుడు వాయించింది విని, ఎక్కడ తప్పిందో చెప్పారు. వేలు ఎక్కడ పెట్టాలన్న సంగతి పిల్లవాడికే వదిలేశారు. శ్రీనివాస్ లాంటి పిల్లలు అరుదు కాబట్టి ఈ పద్ధతి అందరికీ అచ్చం ఇలాగే పనిచేస్తుందని చెప్పలేం. కానీ ఇందులోని క్రమం మాత్రం మెదడు పనిచేసే తీరుకు దగ్గరగా ఉంది: ముందు చెవిలో గురి, తర్వాత చేతి ప్రయత్నం, ఆ తర్వాత రెండింటి మధ్య తేడా.

జర్మనీలోని హానోవర్‌లో మార్క్ బాంగెర్ట్, ఎకార్ట్ ఆల్టెన్‌ముల్లర్ 2003లో ప్రచురించిన పరిశోధన దీన్ని చక్కగా చూపింది. ఎన్నడూ పియానో ముట్టనివాళ్లకు కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి, మెదడులోని విద్యుత్ మార్పులను కొలిచారు. మొదటి ఇరవై నిమిషాల సాధన తర్వాతే ఒక సంగతి కనిపించింది. సంగీతం ఊరికే విన్నా వేళ్లను నడిపే భాగాల్లో కదలిక మొదలైంది, చప్పుడు లేని మీటల మీద వేళ్లు ఆడించినా వినికిడి భాగాల్లో కదలిక వచ్చింది. అయిదు వారాలకు ఆ బంధం గట్టిపడింది. ఇంకో గుంపుకు ఇచ్చిన పియానోలో ఏ మీటకు ఏ స్వరం పలుకుతుందో స్థిరంగా ఉండదు, ఎప్పటికప్పుడు మారిపోతుంటుంది. వాళ్లలో ఈ బంధం అలా ఏర్పడలేదు. ఈ వేలుకు ఈ నాదం అన్న లెక్క నమ్మకంగా నిలబడితేనే చెవీ చెయ్యీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. శ్రుతి తప్పిన గిటార్ మీద నెల రోజులు సాధన చేసినవాళ్లకు జరిగే నష్టం ఎంతో ఇక్కడ అర్థమవుతుంది. ఏ దారి ఎంచుకున్నా మొదటిరోజు నేర్వాల్సింది శ్రుతి చేయడం.

గిటార్ ఈ విషయంలో కొత్తవాళ్లకు ఎంతో సాయం చేసే వాద్యం. మామూలు శ్రుతిలో దాని లావు తీగ సెకనుకు 82.4 సార్లు, సన్న తీగ 329.6 సార్లు కంపిస్తాయి. అంటే రెండు స్థాయిల తేడా. తీగ కంపించే వేగం దాని పొడవు, బిగువు, బరువుల మీద ఆధారపడుతుందని ఫ్రెంచి పండితుడు మారెన్ మెర్సెన్ 1636లో సూత్రీకరించాడు. పొడవు సగమైతే వేగం రెట్టింపవుతుంది. గిటార్ మెడ మీది మెట్లు ఈ సూత్రానికి కట్టిన లెక్కే. ఒక్కో మెట్టు దగ్గర కంపన వేగం 1.0595 రెట్లవుతుంది, పన్నెండు మెట్లకు సరిగ్గా రెట్టింపవుతుంది. తీగ పొడవు 648 మిల్లీమీటర్లున్న గిటార్‌లో మొదటి మెట్టు 36 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, పదకొండు పన్నెండు మెట్ల మధ్య ఎడం 19 మిల్లీమీటర్లే. వీణకూ స్థాయికి పన్నెండు చొప్పున ఇరవై నాలుగు మెట్లుంటాయి. ఒకే పనస దుంగను తొలిచి బొబ్బిలి వీణ చేసేవాళ్లు ఆ మెట్లను మైనంలో నిలిపి, చెవితో సరిచూసి అమరుస్తారు. గిటార్‌కు ఆ పని ఫ్యాక్టరీలోనే లెక్కప్రకారం అయిపోతుంది.

అందువల్ల మెట్లు లేని వయొలిన్ పట్టినవాడికి మొదటి ఏడాదంతా ఉండే, స్వరస్థానం వెతుక్కునే బాధ గిటార్ పట్టినవాడికి ఉండదు. తీగలు శ్రుతిలో ఉంటే మూడో మెట్టు మీద పలికేది మూడో మెట్టు స్వరమే. గురువు లేకుండా కొంతదూరం నడవగలిగే వాద్యాల్లో గిటార్ ఒకటి కావడానికి ఇదే కారణం. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. స్వరస్థానాన్ని మెట్టే చూసుకుంటుంది కాబట్టి చెవి పని మానేస్తుంది. వేళ్ల బొమ్మలు చూసి నొక్కడం, పైనుంచి కిందికి మీటడం అలవాటైపోతుంది. అలా పది పాటల కార్డ్‌లు వచ్చినవాళ్లు కూడా కొత్త పాట వింటే అందులో కార్డ్ ఎక్కడ మారిందో పోల్చుకోలేరు.

తీగ తనంతట తానే కొన్ని పాఠాలు చెబుతుంది. వేలు మెట్టుకు దూరంగా వెనక్కి పడితే బరబరమంటుంది. మెట్టుకు ఆనుకుని దాని వెనకే నొక్కితే తక్కువ బలంతో శుభ్రంగా పలుకుతుంది. పక్క తీగకు వేలు తగిలితే ఆ తీగ మూగబోతుంది. కార్డ్ అంటే మూడు నాలుగు స్వరాలు కలిసి మోగడం కాబట్టి, మీటిన వెంటనే మొత్తం బాగున్నట్టే అనిపిస్తుంది. ఒక్కో తీగను విడివిడిగా మీటితేనే మూగ తీగ దొరుకుతుంది. ఈ పరీక్షకు గురువు అక్కర్లేదు, ఓపిక చాలు. అయితే తీగ చెప్పలేనివీ ఉన్నాయి. బొటనవేలు మెడను పిసుకుతోందా, మణికట్టు వంకరగా మడిచారా, భుజం బిగిసిందా అన్నవి నాదంలో తెలియవు. తెలిసే సమయానికి నొప్పి మొదలవుతుంది.

నొప్పుల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది దీనితోనే ఆగిపోతారు. స్టీలు తీగల గిటార్‌లో ఆరు తీగల బిగువూ కలిపితే సుమారు 70 కిలోల బరువు వేలాడినంత ఉంటుంది. నైలాన్ తీగల గిటార్‌లో అది సుమారు 40 కిలోలు. వేలికొసల చర్మం గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. రాపిడి తగిలినచోట పైపొర కణాలు ఎక్కువగా పుట్టి మందంగా పేరుకుంటాయి. రోజూ కొద్దికొద్దిగా వాయిస్తేనే ఆ పొర నిలుస్తుంది. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు వాయిస్తే చర్మం పుండవడమే మిగులుతుంది. అప్పటిదాకా తీగలన్నిటినీ ఒక్క మెట్టు కిందికి శ్రుతి చేసుకోవచ్చు. బిగువు కంపన వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అంత చిన్న మార్పుకే దాదాపు 11 శాతం తగ్గుతుంది. రెండు మెట్లు దించితే అయిదో వంతు తగ్గుతుంది.

విశాఖ తీరంలో ఇంకో ఇబ్బంది గాలిలోనే ఉంది. చెక్క గిటార్‌కు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకు మించే ఉంటుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బితే పైపలక కొద్దిగా లేస్తుంది, దాని మీద తీగలు కట్టిన బ్రిడ్జి లేస్తుంది, తీగలు మెట్లకు దూరమవుతాయి. గిటార్ వాళ్లు దీన్నే యాక్షన్ పెరిగిందంటారు. స్టీలు తీగల గిటార్‌లో పన్నెండో మెట్టు దగ్గర ఆ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే వేళ్లకు సుఖం. నాలుగైతే ఎంత సాధన చేసినా చెయ్యి లాగుతుంది, పైగా తీగ ఎక్కువ వంగడంతో శ్రుతి కూడా పైకి పోతుంది. వానాకాలంలో ఆనందపురంలో గిటార్ పట్టిన పిల్ల తనకు చేతకావడం లేదనుకుని ఏడవడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. తప్పు చెక్కది. కొన్న దుకాణంలోనో, మరమ్మతులు తెలిసినవాళ్ల దగ్గరో యాక్షన్ సరిచేయించడం మొదటి ఖర్చుల్లో ఒకటి కావాలి. పొరలు అతికిన ప్లైవుడ్ పైపలక గిటార్ నాదంలో కాస్త తక్కువైనా, తేమకు తక్కువ కదులుతుంది. సముద్రపు ఊళ్లో మొదటి గిటార్‌గా నేను దాన్నే కొనమంటాను. ఉప్పుగాలికి స్టీలు తీగలు తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవాలి.

ఇక దారుల మాట. వీడియో పాఠాల్లో గొప్పవి ఉన్నాయి. ఆస్ట్రేలియాకు చెందిన జస్టిన్ శాండర్కో 2003 నుంచి ఉచితంగా పెడుతున్న పాఠాలు ప్రపంచమంతా లక్షలమందికి మొదటి మెట్టయ్యాయి, తెలుగులోనూ ఓపికగా చెప్పేవాళ్లున్నారు. వీడియో మనకు వినిపిస్తుంది గానీ మనల్ని వినదు. మైకేల్ కార్డస్, ఎడ్ ఓబ్రయన్ 2018లో చేసిన ప్రయోగాల్లో, పాత్రలు కదలకుండా బల్లమీది గుడ్డను లాగే వీడియోను కొందరికి ఒకసారి, కొందరికి ఇరవైసార్లు చూపారు. ఇరవైసార్లు చూసినవాళ్లకు తామూ చేయగలమన్న నమ్మకం బాగా పెరిగింది. మూన్‌వాక్ నడకతోనూ, డార్ట్‌లు విసిరే ఆటతోనూ ఇలాగే నమ్మకం పెరిగింది, చేసి చూపమంటే మాత్రం నైపుణ్యం పెరగలేదు. గట్టు మీద కూర్చుని ఈత చూసినంత మాత్రాన చేతులు నీళ్లను నెట్టవు కదా. కాబట్టి వీడియోను రెండుసార్లు చూసి ఆపేయాలి. తర్వాత ఆ ముక్కను నోటితో పాడాలి, తర్వాత వాయించాలి, అప్పుడు అదే ఫోన్‌లో మన వాయింపు రికార్డు చేసుకుని వినాలి. వాయిస్తున్నప్పుడు ధ్యాసంతా వేళ్ల మీదే ఉంటుంది, తాళం తప్పడం అప్పుడు చెవికి అందదు. పది నిమిషాల తర్వాత వింటే అందుతుంది. ఫోన్‌ను గురువుగా మార్చే పని ఈ రికార్డింగే చేస్తుంది.

యాప్‌లు మైకు ద్వారా వింటాయి. స్వరం సరైందా, సమయానికి పడిందా అని అప్పటికప్పుడు పచ్చరంగుతో చెబుతాయి. తొలినాళ్ల ఉత్సాహానికి ఇవి మంచివే. కానీ ప్రతి ప్రయత్నానికీ వెంటనే తీర్పు వస్తుంటే మనిషి ఆ తీర్పు మీదే ఆనుకుంటాడు. కరొలీ విన్‌స్టీన్, రిచర్డ్ ష్మిట్ 1990లో చేసిన పరిశోధనలో, ప్రతిసారీ ఫలితం చెప్పినవాళ్లకంటే సగంసార్లే చెప్పినవాళ్లు తర్వాతి పరీక్షలో నైపుణ్యాన్ని బాగా నిలుపుకున్నారు. తెర చూడకుండా వాయించి, బాగుందా లేదా అని ముందు మనమే తేల్చుకుని, తర్వాత యాప్‌ను అడిగితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

ఆన్‌లైన్ క్లాసులో బతికున్న మనిషి వింటాడు, అదే దాని బలం. గురుశిష్యులు కలిసి వాయించడం మాత్రం కుదరదు. శబ్దం సుమారు 30 మిల్లీసెకన్లకు మించి ఆలస్యమైతే తాళం కలవడం కష్టమవుతుంది. గాలిలో అది దాదాపు పది మీటర్ల దూరానికి సమానం. వీడియో కాల్‌లో ఆలస్యం సాధారణంగా అంతకంటే ఎక్కువే. పైగా మాటల కోసం తయారైన ఆ సాఫ్ట్‌వేర్ మోగుతున్న తీగను గోలగా భావించి నొక్కేస్తుంది. జూమ్‌లో సంగీతకారుల కోసం అసలు ధ్వనిని అలాగే పంపే ఏర్పాటు ఉంది, క్లాసుకు ముందు దాన్ని తెరుచుకోవాలి.

నేను చూసి నేర్చుకునే రకం, నేను విని నేర్చుకునే రకం అని దాని ప్రకారం దారి ఎంచుకునేవాళ్లు చాలామంది. హెరల్డ్ పాష్లర్ బృందం 2008లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను తిరగేసి, అలా రకాన్ని బట్టి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన రుజువు లేదని తేల్చింది. సంగీతంలో అందరూ వినే రకమే కావాలి.

సాధన ఎలా పంచుకోవాలన్నదానిపై మాత్రం మంచి రుజువులున్నాయి. జాన్ షే, రాబిన్ మోర్గన్ 1979లో మూడు రకాల చేతి కదలికలు నేర్పారు. ఒక గుంపు ఒక్కోదాన్ని పూర్తిగా ముగించి తర్వాతిదానికి వెళ్లింది, రెండో గుంపు మూడింటినీ కలగలిపి చేసింది. నేర్చుకునేటప్పుడు కలగలిపినవాళ్లు వెనకబడ్డారు. పది రోజుల తర్వాత పరీక్షిస్తే వాళ్లే ముందున్నారు. జి కార్డ్ యాభైసార్లు, తర్వాత సి కార్డ్ యాభైసార్లు నొక్కడంకంటే జి నుంచి సికి, సి నుంచి డికి మారుతూ ఉండడం అందుకే మేలు. మొదట్లో చికాకుగా ఉంటుంది, ఆ చికాకును నేర్చుకోవడంలో భాగంగానే చూడాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2019లో ఇంకో ముచ్చటైన సంగతి చూపారు. ఎడమచేతి వేళ్లతో ఒక వరసను పది సెకన్లు కొట్టించి, పది సెకన్లు విశ్రాంతి ఇస్తూ పోతే, తొలిదశలో వేగం పెరిగింది విశ్రాంతి సమయాల్లోనే. రాత్రి నిద్ర తర్వాత ఇలాంటి వరసలు దాదాపు 20 శాతం వేగం పుంజుకున్నాయని మాథ్యూ వాకర్ బృందం 2002లో చెప్పింది. అందులో కొంత అలసట తీరడం వల్లేనని తర్వాత కొందరు వాదించారు. ఏదైనా, రోజుకు ఇరవై నిమిషాలు, మధ్యమధ్య ఆగుతూ చేయడం కొత్తవాళ్లకు సరిపోతుంది.

పెద్దయ్యాక మొదలుపెడితే లాభమేమిటని అడిగేవాళ్లుంటారు. టామస్ ఎల్బర్ట్ బృందం 1995లో తొమ్మిది మంది తంత్రీవాద్య కళాకారుల మెదళ్లను పరిశీలించింది, వాళ్లలో ఒకరు గిటార్ వాద్యకారుడు. ఎడమచేతి వేళ్లకు మెదడులో కేటాయించిన చోటు వాళ్లలో పెద్దదిగా ఉంది, చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లలో మరీ పెద్దది. చిన్నతనానికి ఆ మేలు ఉంది. ఇందాక చెప్పిన హానోవర్ ప్రయోగంలో చెవికీ చేతికీ బంధం పడినవాళ్లందరూ పెద్దవాళ్లేనన్నది కూడా అంతే నిజం.

ఇదంతా ఆనందపురం లెక్కకు దింపితే నా సలహా ఇది. మొదటి నెల ఇంట్లోనే, ఒక వీడియో వరసను మాత్రమే పట్టుకుని సాగండి. ట్యూనర్ యాప్‌తో శ్రుతి చేశాక, దాన్ని పక్కనపెట్టి చెవితో సరిచూడండి. గిటార్‌లో పక్క తీగల మధ్య దూరం షడ్జమం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత. ఒక్కచోట మాత్రం, లావు వైపు నుంచి నాలుగు అయిదు తీగల మధ్య, అది అంతర గాంధారానికి తగ్గుతుంది. ఒకే తీగ మీద సరళీ స్వరాలు పాడుతూ వాయించండి. తెరిచిన తీగను షడ్జమం చేసుకుంటే మాయామాళవగౌళ 1, 4, 5, 7, 8, 11, 12 మెట్ల మీద వరసగా దొరుకుతుంది. మన సంగీతంలో ఉన్న మూడు కాలాల సాధన గిటార్‌కూ అంతే బాగా నప్పుతుంది, మెట్రోనోమ్ పెట్టుకుని మొదటి కాలంలోనే తప్పులు తీసేయాలి. కార్డ్‌లలో రెండే వేళ్లు అడిగే ఇ మైనర్‌తో మొదలుపెట్టండి.

రెండో నెలలో నగరంలోని గురువు దగ్గరికి నెలకు రెండుసార్లయినా వెళ్లండి. ఎంచుకునేటప్పుడు ఆయన ఎంత బాగా వాయిస్తారన్నది కాస్త పక్కన పెట్టి, క్లాసులో మీ చేత ఎంతసేపు వాయించి వింటారో చూడండి. మీ గిటార్‌ను తానే శ్రుతి చేసి ఇస్తున్నారా, మీ చేత చేయిస్తున్నారా గమనించండి. మీ రికార్డింగులు వినిపించి, ఎక్కడ తప్పుతోందో మీరు అనుకున్నదీ ఆయన చెప్పిందీ ఒకటేనా చూసుకోండి. బస్సు కుదరని నెలల్లో ఆ పనికే ఆన్‌లైన్ క్లాసు వాడుకోవచ్చు.

మనిషి దగ్గర కూర్చోక తప్పనిది ఎఫ్ కార్డ్ వచ్చినప్పుడు. చూపుడువేలు మొదటి మెట్టు దగ్గర తీగలన్నిటినీ అడ్డంగా నొక్కాలి. తీగ తల దగ్గరి కొసకు చేరువైనకొద్దీ వంగడానికి మొండికేస్తుంది కాబట్టి అక్కడే అన్నిటికంటే ఎక్కువ బలం కావాలి. చాలామంది బొటనవేలితో మెడను పిసికి, మణికట్టు విరిచినట్టు మడిచి సాధిస్తారు. అదే ఆకారాన్ని ముందు అయిదో మెట్టు దగ్గర పట్టి, అక్కడ శుభ్రంగా పలికాక ఒక్కో మెట్టూ వెనక్కి జరిపితే మణికట్టు నిటారుగా నిలుస్తుంది. వేలికొస మంట రెండు మూడు వారాల్లో పోతుంది. మణికట్టులోనో మోచేతిలోనో నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకు గిటార్ పక్కనపెట్టాలి, మర్నాడూ ఉంటే గురువుకు చెయ్యి చూపించాలి, వారమైనా తగ్గకపోతే వైద్యుణ్ని కలవాలి.